ఐదొందలకో దయ్యం

భువనగిరి పొలిమేరలో ఒక తాటివనం. పొద్దు గుంకి కాసేపయింది. చెరువు కట్ట మీద బర్రెలు ఇంటిదారి పట్టాయి. తాళ్ల నడుమ తెల్లచీర కట్టుకున్న అమ్మాయి ఒకతె జుట్టు విరబోసుకుని, తల ఓ పక్కకు వాల్చి, కదలకుండా నిలబడి ఉంది. ఆమె వెనక నేలలోంచి పుట్టినట్టు పొగ లేస్తోంది.

అప్పుడే డొంకదారిలో టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. వెనక రెండు కల్లు క్యాన్లు, భుజాన మోకు. మలుపు తిరిగాడో లేదో ఠక్కున బ్రేకు వేశాడు. నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు.

"తాతా, జర పక్కకు జరుగవా? ఫ్రేముల పడ్తున్నవ్!" అని తుప్పల చాటు నుంచి ఒక కుర్రాడు అరిచాడు. సాంబ్రాణి పళ్లెం పట్టుకున్న తల్లి కూడా దగ్గుకుంటూ లేచి నిలబడింది. దయ్యం ఆపుకోలేక ఫక్కున నవ్వింది.

పెద్దాయన తేరుకోవడానికి కొంతసేపు పట్టింది. "పానం పొయ్యేదుండె గదరా! నలభై ఏండ్ల సంది ఈ తాళ్లు ఎక్కి దిగుతున్న. ఇంత సాఫ్ చీర కట్టిన దయ్యాన్ని ఎన్నడు సూడలే" అన్నాడు. బండికి స్టాండు వేసి, ఫోనులో తీసిన ఫొటోలన్నీ తాపీగా చూశాడు. చివరికి ఆయనే దర్శకత్వం మొదలుపెట్టాడు. "గాడ గాదు, బిడ్డా. ఆ నడిమి గుంపుకాడ నిలవెట్టుండ్రి. ఆడ గాలి తక్వ, పొగ నిలుస్తది."

ఆయన చెప్పింది నిజమే. ఆ సాయంత్రం తీసినవాటిలో ఇంట్లో అందరికీ నచ్చిన ఫొటో ఆ నడిమి గుంపు దగ్గర తీసిందే. డిగ్రీ చదివే ఆ అక్కాతమ్ముళ్ల చేతిలో కెమెరా లేదు, రెండేళ్ల నాటి ఫోను మాత్రం ఉంది. చీర అమ్మమ్మది. లైటు మేనమామ బైకుది.

ఊరంతా దయ్యాలే

అక్టోబరు 31 దగ్గరపడుతోందంటే చాలు, ఫోను తెరిస్తే పుర్రెలు, రక్తపు మరకలు, తెల్ల ముఖాలు. పదేళ్ల కిందట హాలోవీన్ అంటే మనకు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మనవళ్ల ఫొటోలు. గబ్బిలం రెక్కలు తగిలించుకుని, చేతిలో చాక్లెట్ల బుట్ట పట్టుకున్న పిల్లలు. ఇప్పుడు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో అదో వేడుక. మాల్స్‌లో ప్లాస్టిక్ గుమ్మడికాయలు వేలాడుతున్నాయి, పబ్బుల్లో వేషాలకు బహుమతులు ఇస్తున్నారు.

మన వెండితెర కూడా ఈ మంటకు నెయ్యి పోస్తోంది. 'మసూద' (2022), 'విరూపాక్ష' (2023), 'మా ఊరి పొలిమేర' (2021) వంటివి వచ్చాక దయ్యం బంగళా వదిలి పల్లెకొచ్చింది. ఊరి చివరి చెట్టు, మంచు పట్టిన పొలం, లాంతరు వెలుగు ఆ సినిమాలకు అందాన్నిచ్చాయి. అవి చూసిన కుర్రకారుకు ఓ సంగతి అర్థమైంది: ఈ సరంజామా అంతా మా ఊళ్లోనే ఉందిగా!

ఇంకోవైపు ఏఐ. 2025 సెప్టెంబరులో జెమినీతో చేసుకున్న పాతకాలపు చీర ఫొటోలు ఎంత జోరుగా తిరిగాయో గుర్తుందిగా. సెల్ఫీ ఒకటిచ్చి 'నన్ను మోహినిని చెయ్యి' అంటే క్షణాల్లో చేసిపెడుతుంది, పైసా ఖర్చు లేదు. మరి దోమలతో కుట్టించుకుంటూ తాటివనంలో నిలబడటం దేనికి? తెల్లచీర అమ్మాయిని ఈ మాటే అడిగాను. "అందులో మా అమ్మ దగ్గదు కదండీ" అంది. ఇంతకంటే మంచి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

వేషం మనకు కొత్తదా?

హాలోవీన్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్లూ, 'ఈ తద్దినం మనకెందుకు' అని విసుక్కునేవాళ్లూ ఒక సంగతి మరిచిపోతున్నారు. భయం పుట్టించే వేషం వేసుకుని ఆరుబయట తిరగడం తెలుగునాట ఎప్పటినుంచో ఉన్నదే. మే నెలలో తిరుపతి వెళ్లి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. వారం పాటు రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. మీద వేపాకుల దండలు, నిమ్మకాయల దండలు. మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని మాతంగులవుతారు. 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీరకట్టు దేశమంతా చూసింది. దాని వేరు ఈ జాతరలోనే ఉంది.

ఈ వేషాల ముడిసరుకు చూడండి. సుద్ద, బొగ్గు, కుంకుమ, చందనం, వేపాకు. అన్నీ వంటింట్లోనో పెరట్లోనో దొరికేవే. ఒక్క రంగు ఒళ్లంతా పూసుకుంటే తెలిసిన ముఖం కూడా తెలియనిదైపోతుంది. జాతర వేషగాళ్లకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య. అయితే అవి మొక్కులు. వాటిని యథాతథంగా దించి 'దయ్యం గెటప్' అని పేరు పెట్టడం సబబు కాదు. నేర్చుకోవాల్సింది ముడిసరుకు వాడకం మాత్రమే.

మరొకటి, దిష్టిబొమ్మ. చేలో పాత చొక్కా, గడ్డి చేతులు, మసిపూసిన కుండ తల, దాని మీద సున్నం చుక్కలు. సందె వేళ గట్టు మీద నడుస్తూ దాన్ని చూసి ఒక్కసారైనా ఉలిక్కిపడని వాళ్లుంటారా? కడుతున్న ఇంటి ముందు వేలాడే బూడిద గుమ్మడికాయ, దాని మీద కోరమీసాల రాక్షసుడి బొమ్మ కూడా ఆ కోవలోదే. ఐర్లండులో ఒకప్పుడు హాలోవీన్‌కు టర్నిప్ దుంపలు తొలిచి ముఖాలు చెక్కేవారు. ఆ జనం అమెరికా వెళ్లాక అక్కడ విరివిగా దొరికే గుమ్మడికాయ పట్టుకున్నారు. పీడను బెదిరించడమే ఆ ముఖాల పని. మన రాక్షసుడిదీ అదే ఉద్యోగం.

ఇక తక్కువ ఖర్చు దయ్యం అన్నాక విఠలాచార్య పేరు తలవకపోతే పాపం. 1920లో ఉడుపిలో పుట్టి, మద్రాసు చేరి, తెలుగువాళ్లకు జానపద బ్రహ్మ అయిన మనిషి. ఆయన సినిమాల్లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంట చేస్తుంది. అస్థిపంజరాలు నడుస్తాయి. కథానాయకుడి కాల్షీట్లు దొరక్కపోతే శాపమిచ్చి చిలకనో మేకనో చేసేసి షూటింగ్ సాగించేవారని ఇప్పటికీ పరిశ్రమలో చెప్పుకుంటారు. నిజానిజాలు ఎలా ఉన్నా, చేతిలో ఉన్న సరుకుతో కథ నడపడమనే ఆ పద్ధతే ఈ ఫొటోలకూ కావాలి.

◆ బాక్స్: తొలి 'శవం' ఫొటో, 1840
వేషం వేసి, కథ అల్లి తీసిన తొలి ఫొటోల్లో ఒకటి దయ్యం సరసన చేరేదే. ఫ్రాన్సులో ఆర్థికశాఖ ఉద్యోగి ఇపోలిట్ బయార్ సొంతంగా ఒక ఫొటో పద్ధతి కనిపెట్టాడు. ప్రభుత్వం మాత్రం పేరూ, పింఛనూ మరో పద్ధతి కనిపెట్టిన డగేర్‌కు ఇచ్చింది. ఒళ్లు మండిన బయార్ 1840 అక్టోబరులో నీళ్లలో మునిగి చచ్చిపోయిన మనిషిగా తన ఫొటో తానే తీసుకున్నాడు. నడుముకో దుప్పటి, గోడకో గడ్డి టోపీ, మూసిన కళ్లు. ఖర్చంతా ఇంతే. ఎండకు కమిలిన చేతులు, ముఖం నల్లగా పడ్డాయి. అవి కుళ్లిపోతున్నాయని ఫొటో వెనక తనే రాశాడు!

బట్ట, బూడిద, బొగ్గు

వేషం దగ్గర చాలామంది చేసే పని ఆన్‌లైన్‌లో రబ్బరు ముసుగు కొనడం. పగలు చేతిలో పట్టుకుంటే భయంకరంగానే ఉంటుంది. ఫొటోలో మాత్రం రబ్బరు ముసుగులాగే కనబడుతుంది. దానికి కళ్లుండవు, పెదవి వణకదు. పోర్ట్రెయిట్ అంటే మనిషి ముఖం. దాన్ని రబ్బరుతో కప్పేశాక మిగిలేది బొమ్మే.

పాత చీర, పాత పంచె, చిరిగిన దోమతెర ఇంతకంటే వెయ్యి రెట్లు నయం. తళతళలాడే తెల్లబట్ట మీద లైటు పడితే మడతలన్నీ చెరిగిపోయి ఒక తెల్ల మచ్చ మిగులుతుంది. అందుకని టీ డికాక్షన్‌లో ఓ పూట నానబెట్టి, నీడన ఆరేసి, అంచులకు కాస్త చెరువు మట్టి రుద్దాలి. అప్పుడు ఆ బట్ట పెట్టెలో ముప్పై ఏళ్లు మగ్గినట్టు ఉంటుంది. తల మీద నుంచి దోమతెర కప్పి, దాని మీద ఎండుటాకులు చల్లితే సాలెగూళ్ల కోసం వేరే స్ప్రేలు వెతకక్కర్లేదు.

కోటు, కందిరీగ నడుములాంటి గౌను, పాత ట్రంకుపెట్టె, లాంతరు వంటివి కావాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది, గురువారం జుమ్మేరాత్ బజారు ఉంది. బేరమాడే ఓపిక ఉండాలి. జిల్లా ఊళ్లలో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే దుకాణాలు ఇంకా కొన్ని మిగిలాయి. స్కూలు పిల్లల ఫ్యాన్సీ డ్రస్సుల దుకాణాలైతే ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. ఆగస్టు 15, జనవరి 26, బాలల దినోత్సవం వంటి రోజుల ముందు కాకుండా మామూలు రోజుల్లో అడిగితే అద్దె తగ్గుతుంది.

ముఖానికి పలచగా కొబ్బరినూనె రాసి, పైన విభూతో టాల్కం పౌడరో అద్దాలి. కళ్ల చుట్టూ, బుగ్గల గుంటల్లో కాటుక పెట్టి వేలితో చెరపాలి. పెదాల రంగు కూడా పౌడరుతో కప్పేయాలి. ఎర్రటి పెదాలున్న శవం పెళ్లికి బయల్దేరినట్టుంటుంది. ఎక్కువమంది మరిచిపోయేవి మెడ, చెవులు, చేతులు. ముఖం సున్నం గోడలా ఉండి చేతులు చామనఛాయగా ఉంటే భయం బదులు నవ్వొస్తుంది.

వయసు మళ్లిన శవం కావాలా? ముల్తానీ మట్టి కాస్త మందంగా పట్టించి, బాగా ఆరనిచ్చి, అప్పుడు నవ్వమనండి. ముఖమంతా పగుళ్లు! బ్యూటీ పార్లరులో 'ఆరేదాకా నవ్వకండి' అంటారే, దానికి సరిగ్గా తిరగేసిన సూత్రం.

నెత్తుటికి కార్న్‌ఫ్లోర్ జావ, వంటల్లో వాడే ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి. కాఫీపొడి పడితేనే ఎండిన రక్తంలా నల్లబడుతుంది, లేకపోతే టమాటా సాసే. పసుపులో సున్నం కలిపిన దిష్టినీళ్లు చూడటానికి అచ్చం నెత్తురే గానీ, వాటిని బట్టకే పరిమితం చేయండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం. ముఖానికి ఫెవికాల్ పూసి తోలు ఊడినట్టు చూపించమని వీడియోలు చెబుతుంటాయి. నన్నడిగితే ఆ జోలికే పోవద్దు. మైదా జిగురూ, రెండు పొరల టిష్యూ కాగితమూ ఆ పని చేసిపెడతాయి.

సిగ్గరులకు నా ఓటు దిష్టిబొమ్మ వేషానికి. గోనెసంచి చొక్కా, చేతుల చివర వరిగడ్డి, ముఖానికి గోనెగుడ్డ, కళ్లకు రెండు చిల్లులు. ఈ వేషం వేసినవాడు పొలంలో చేతులు చాపి నిల్చుంటే చాలు, అభినయం అక్కర్లేదు. కోతకొచ్చిన చేను ఉంటే సెట్టింగు కూడా సిద్ధమే. మొన్నొక ఊళ్లో చేతులు నొప్పెట్టి దించిన దిష్టిబొమ్మను చూసి దూరంగా ఉన్న కుక్క ఎంత దూరం పరుగెత్తిందో!

◆ బాక్స్: రెండు డాలర్ల ముసుగు
హాలీవుడ్ చిత్రం 'హాలోవీన్' (1978)లో హంతకుడి ముఖం ప్రపంచాన్ని వణికించింది. ఆ ముసుగు 'స్టార్ ట్రెక్'లోని కెప్టెన్ కిర్క్ ముఖంతో దుకాణంలో అమ్మిన బొమ్మ ముసుగు. రెండు డాలర్లలోపు పెట్టి కొని, కనుబొమ్మలు పీకి, కళ్ల చిల్లులు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. ఇక హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాల గదిలో పారిన నెత్తురు చాక్లెట్ సిరప్. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగు ఎవరికీ పట్టలేదు.

అసుర సంధ్య ఇచ్చే పాతిక నిమిషాలు

డబ్బు ఖర్చు పెట్టగలిగినా కొనలేనిది ఒకటుంది. వెలుగు. మన అమ్మమ్మలు 'అసుర సంధ్య వేళ జుట్టు విరబోసుకోకు' అనేవారే, సరిగ్గా ఆ వేళే మనకు కావలసింది. సూర్యుడు దిగాక ఆకాశం నీలంగా మిగులుతుంది. నేల మీద నీడలుండవు, చెట్లు నల్లబడతాయి, తెల్లచీర ఒక్కటే తనంతట తాను వెలుగుతున్నట్టు కనబడుతుంది. మన ప్రాంతంలో ఆ వెలుగు పాతిక నిమిషాలకు మించి నిలవదు. కాబట్టి వేషం, పొగ, స్టాండు అన్నీ పొద్దుండగానే సిద్ధమవ్వాలి. ఆ పాతిక నిమిషాల్లో పిన్నీసు వెతుక్కుంటూ కూర్చుంటే అయినట్టే.

ఫోను తనంత తాను చీకటిని వెలుగు చేయాలని చూస్తుంది. దానికి దయ్యాల గురించి తెలియదు. తెర మీద ముఖాన్ని తాకి, వేలు అలాగే ఉంచితే ఫోకస్ బిగుసుకుంటుంది. పక్కనొచ్చే సూర్యుడి బొమ్మను కిందికి లాగాలి. 'మరీ చీకటైపోయిందే' అనిపించేదాకా లాగండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను బల్బు గుర్తుకు మార్చండి. పరిసరాలన్నీ నీలిరంగులోకి వెళ్తాయి. ఇప్పుడు అమ్మాయి చేతిలో పసుపు బల్బున్న లాంతరు పెడితే, నీలి లోకంలో ఆ ముఖం ఒక్కటే ప్రాణంతో ఉన్నట్టుంటుంది.

పట్టపగలే రాత్రిని పుట్టించడం సినిమావాళ్లకు పాత విద్య. 'మాయాబజార్' (1957)లో పడవ పాట వెన్నెలను తలుచుకోని తెలుగువాడుండడు. దాన్ని సృష్టించిన మార్కస్ బార్ట్లే వెలుగును ఎలా దాచాలో తెలిసిన ఛాయాగ్రాహకుడు. మనకు అంత విద్య అక్కర్లేదు. సూర్యుణ్ని మనిషి వెనక్కి నెట్టి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా చూసుకుని, బాగా చీకటిగా తీస్తే సాయంత్రం నాలుగింటికీ చందమామ కాస్తుంది. ఎడిటింగ్‌లో మాత్రం చందమామను తెచ్చి అతికించకండి. చెట్టంత చంద్రుడు, దాని ముందు గబ్బిలాలు. ఫొటో పరువు అక్కడే పోతుంది.

కింది నుంచి పడే లైటు భయపెడుతుంది. కారణం తేలికే. సూర్యుడైనా వీధి దీపమైనా పైనుంచి వెలిగేవి. కళ్ల కింద ఉండాల్సిన నీడ కళ్ల పైకి ఎక్కితే చూసే మనసు 'ఇదేదో తేడాగా ఉంది' అంటుంది. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు గడ్డం కింద టార్చి పెట్టుకుని చెల్లెల్ని ఏడిపించిన ప్రతి అన్నకూ ఇది తెలుసు. టార్చి మీద ఎర్రటి జెలటిన్ కాగితం ఒక పొర చుడితే కొరివి దయ్యమే. అసలు మంట తల దగ్గర పెట్టే సాహసాలు మాత్రం వద్దు. విరబోసిన జుట్టు, నైలాన్ చీర ఎంత త్వరగా అంటుకుంటాయో ఊహించుకోవడం కూడా భయమే.

బైకు హెడ్‌లైటు పేదవాడి స్టూడియో లైటు. మనిషి వెనక, కాస్త దూరంలో బండి నిలిపి లైటు వేస్తే జుట్టు అంచులన్నీ వెలుగుతాయి. మధ్యలో సాంబ్రాణి పొగ వదిలితే వెలుగు చారలు చారలుగా చీలుతుంది. పొగకు ఎప్పుడూ వెనక నుంచే లైటు పడాలి. ముందు నుంచి పడితే అది ఫొటోలో కనబడనే కనబడదు. గాలి పడిపోయే సందెవేళ పొగ నేల మీద పాకుతుంది. పళ్లెం పట్టుకునే మనిషికి ఓపిక, ముక్కుకో తడిగుడ్డ ఉండాలి. మంట రాజేసే రంగుల పొగ డబ్బాలు చేతిలో పట్టుకుంటే కాలే ప్రమాదం ఉంది, ఎండుగడ్డి ఉన్నచోట వాటి ఊసే వద్దు.

తొందర లేనివాళ్లకు పొగ ఖర్చు కూడా మిగిలే దారుంది. అక్టోబరు ఊసు వదిలేసి ధనుర్మాసం దాకా ఆగడం. డెల్టా పొలాల్లో తెల్లవారుజాము మంచు, లంబసింగిలో చెట్ల నడుమ దిగే మబ్బు. అమెరికా తారీఖుకే దయ్యం కావాలని ఎవరన్నారు?

పారదర్శకంగా ఉండే ఆత్మ కావాలంటే ఫోనును స్టాండు మీద బిగించి, షట్టరు 8 సెకన్లు పెట్టండి. స్టాండు లేకపోతే రెండు ఇటుకలు, ఒక రబ్బరు బ్యాండు. సగం సమయం మనిషి కదలకుండా నిలబడి, తర్వాత గబుక్కున ఫ్రేము దాటి పోవాలి. ఆ మనిషిలోంచి వెనకనున్న చెట్టు కనిపిస్తుంది. నొక్కినప్పుడు ఫోను కదలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టుకోవడం మరవద్దు.

◆ బాక్స్: లింకన్ ఆత్మ
బోస్టన్‌లో నగల మీద చెక్కుడు పని చేసే విలియం మమ్లర్ 1860ల్లో 'ఆత్మల ఫొటోలు' తీస్తానంటూ దుకాణం తెరిచాడు. అమెరికా అంతర్యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు అతని దగ్గరికి వరస కట్టాయి. 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు పెట్టారు. సర్కస్ దిగ్గజం పి.టి.బార్నమ్ అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చాడు, తన వెనక లింకన్ ఆత్మ నిలబడ్డట్టు ఒక ఫొటో తీయించుకొచ్చి మరీ. రుజువు చాలక మమ్లర్ బయటపడ్డాడు. తర్వాత కొన్నేళ్లకు లింకన్ భార్యే అతని దగ్గర ఫొటో దిగింది. భర్త చేతులు ఆమె భుజాల మీద ఉన్నట్టు ఆ చిత్రంలో కనబడుతుంది.

పాదాలు వెనక్కి

వేషమూ వెలుగూ కుదిరాక చాలామంది పళ్లు బయటపెట్టి, వేళ్లు వంకరలు తిప్పి కెమెరా మీదికి దూకుతారు. అది భయపెట్టదు. ఏమీ చేయకుండా నిలబడిన మనిషే భయపెడతాడు. బావి గట్టున అటు తిరిగి కూర్చున్న ముసలమ్మ, చెట్టు చాటు నుంచి ఒక్క కన్ను, తలుపు రెక్క పట్టుకున్న చేయి. చూసేవాడు మిగతాది తానే నింపుకుంటాడు.

దయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయని చిన్నప్పుడు విన్నాం కదా. దానికి కంప్యూటరు అక్కర్లేదు. వెనక హుక్కులుండే జాకెట్టును తిరగేసి, హుక్కులు ముందుకొచ్చేలా వేసుకుని, పొడవాటి జుట్టు మొత్తం ముఖం మీదికి దువ్వుకోవాలి. కెమెరాకు ఎదురుగా నిలబడితే వీపు చూపిస్తున్నట్టుంటుంది. లంగా అంచు కింద పాదాలు మాత్రం మన వైపే చూస్తుంటాయి! ఫొటో చూసినవాళ్లు మొదట 'బాగుంది' అనేసి దాటిపోతారు. రెండు క్షణాలయ్యాక మళ్లీ వెనక్కొస్తారు.

వేషంలోకి వెళ్లిన మనిషిలో వచ్చే మార్పు చూడటం మరో ముచ్చట. పెళ్లి ఫొటోల్లో వెనక వరసలో దాక్కునే పిన్ని, నల్లగా ఉన్నానని కెమెరా ముందు తలొంచుకునే అమ్మాయి ఇక్కడ రెచ్చిపోతారు. ఇక్కడ అందంగా ఉండాల్సిన పని లేదు. ముఖం మీద మొటిమను ఎవరూ లెక్కపెట్టరు. ఇంకాస్త భయంగా ఉండమని మాత్రమే అడుగుతారు. ఫొటోల పేరుతో ఆడపిల్లల మీద పెట్టే బరువులు చూస్తుంటాం కాబట్టి ఇదేమంత చిన్న విషయం కాదు.

◆ బాక్స్: ఖర్చు పద్దు
పాత చీర, దోమతెర, కాటుక, విభూతి: ఇంట్లోవే
సాంబ్రాణి, బొగ్గులు: 100 రూపాయల లోపు
ముల్తానీ మట్టి, కార్న్‌ఫ్లోర్, ఎర్రరంగు: 100 లోపు
జెలటిన్ కాగితాలు: 50 లోపు
ఫోను స్టాండు: 250 నుంచి 300 (ఇటుకలైతే ఉచితం)
సాయం చేసినవాళ్లకు మిర్చి బజ్జీలు: ఇందులో కక్కుర్తి పడొద్దు

ఆ చోటు ఎవరిది?

ఆరుబయలు అంటే ఎవరిదీ కాని చోటు కాదు. తాటివనానికి గీసేవాళ్లుంటారు, పొలానికి రైతు ఉంటాడు. ముందు రోజు వెళ్లి 'రేపు సాయంత్రం ఫొటోలు తీసుకుంటాం' అని ఒక మాట చెప్పి వస్తే ఇటు అనుమతీ దొరుకుతుంది, అటు రక్షణా ఉంటుంది. పాముల పుట్ట ఎక్కడుందో, మూత లేని బావి ఎక్కడుందో వాళ్లే చెబుతారు. మర్రిచెట్టు కింద సాంబ్రాణి వేసేముందు తలెత్తి చూడాలి. పైన తేనెతుట్టె ఉందంటే అసలు దయ్యాలు అవే. అమ్మాయిలు ఇద్దరే కలిసి నిర్మానుష్యమైన చోటికి వెళ్లడం కంటే ఇంటిల్లిపాదినీ లాక్కెళ్లడం మేలు. పొగ వేయడానికి, లైటు పట్టడానికి ఎలాగూ చేతులు కావాలి.

గోల్కొండ, వరంగల్ కోటల్లాంటి పురావస్తు కట్టడాలు పొద్దుగూకగానే మూసేస్తారు. స్టాండ్లు, లైట్లు పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. రైలు పట్టాల మీద తెల్లచీర ఫొటోలు ఎంత మోజో చెప్పక్కర్లేదు. అనుమతి లేకుండా అక్కడికి వెళితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. రైలు వస్తే ఈ లెక్కలేవీ అక్కరకు రావు. శ్మశానాల సంగతైతే నా మాట నిక్కచ్చిగా ఒక్కటే: వద్దు. నిన్నగాక మొన్న అక్కడ నాన్నను దించి వచ్చినవాళ్లు ఊళ్లో ఉంటారు.

భయం మనకు ఆట, అందరికీ కాదు. 2019 నవంబరులో బెంగళూరు యశ్వంతపూర్ దగ్గర తెల్లబట్టలేసుకుని అర్ధరాత్రి దారినపోయేవాళ్లను బెదిరిస్తూ వీడియోలు తీసిన ఏడుగురు కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్లారు. బండి మీద వెళ్లేవాడు అదిరి పడితే తల పగులుతుంది. గుండె జబ్బు మనిషైతే ఇంకేం చెప్పాలి! చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ గడ్డ మీద రాత్రిపూట దయ్యం వేషంలో అపరిచితులు కనబడితే జనం నవ్వుతారన్న భరోసా లేదు. వేషంతో రోడ్డెక్కకూడదు. దారిన పోయేవాళ్లు కనబడగానే ఒకరు ముందుకెళ్లి చెప్పాలి. ఫొటో పెట్టేటప్పుడు 'ఈ ఊళ్లో దయ్యాలున్నాయి' అంటూ ఊరి పేరు రాయకూడదు. అలా పేరు పడ్డ ఇంటికి అద్దెకు దిగేవాళ్లుండరు, ఆ వీధి పిల్లలకు నిద్రుండదు.

తిరిగొచ్చేముందు టార్చి వేసి నేలంతా ఒకసారి వెతకాలి. నిప్పుల మీద నీళ్లు చల్లాలి, కాగితాలూ గుడ్డపీలికలూ ఏరుకోవాలి. ముఖ్యంగా ఫొటో కోసం పెట్టిన నిమ్మకాయలు, కుంకుమ, గుడ్డబొమ్మ. అవి అక్కడ ఉండిపోతే పొద్దున్నే పొలానికొచ్చిన రైతు కంట పడతాయి. మధ్యాహ్నానికల్లా 'మన చేలో ఎవరో ఏదో చేశారు' అన్న మాట ఊరంతా తిరుగుతుంది. సాయంత్రానికి ఎవరో ఒక ముసలిదాని మీదికి వేలు లేస్తుంది. ఒక్క నిమ్మకాయ కూడా వదలకుండా సంచిలో వేసుకొచ్చేయండి. కోయనివైతే మర్నాడు పులిహోరకు పనికొస్తాయి.